అక్షహృదయం, రమ్మీ: జూద నైపుణ్య సంక్రమణపై ఒక పరిశీలన

1967 నవంబరు 22న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని మూడు ముక్కలాట నుంచి వేరుచేసింది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవడం, ఏది చేతిలో ఉంచాలో ఏది విడవాలో నిర్ణయించడం అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యక్రీడ అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టాధీనమని ఆ తీర్పు సారాంశం. ఈ విభజన ఆటలకు చేసినది. ఆడే మనిషి ఒక్క ఆట దగ్గరే ఆగడు. రమ్మీలో ఆరితేరినవాడు మూడు ముక్కలాటకు కూర్చున్నప్పుడు అతని వెంట వచ్చేది నైపుణ్యమా, ధీమా మాత్రమేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

నన్నయ అరణ్యపర్వంలో తెనిగించిన నలోపాఖ్యానం ఈ చర్చకు ఆకరం కాగలదు. రథం మీద పోతూనే ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. బాహుకుడుగా ఉన్న నలుడు ఊరక నమ్మక, రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్క సరిచూస్తాడు. ఋతుపర్ణునికి ఆ సంఖ్యాజ్ఞానమూ అక్షహృదయమూ జంట విద్యలు. చెట్టు లెక్కకూ జూదానికీ ఏమి సంబంధం? ప్రాచీనకాలంలో తాండ్రకాయలే పాచికలు; అంటే లెక్కించే వస్తువు మారలేదు. నలుని అశ్వహృదయం సంగతి వేరు. లోకోత్తరమైన ఆ విద్య పుష్కరునితో ఆడినప్పుడు అతనికి అక్కరకు రాలేదు. దాన్ని ఇచ్చి అక్షహృదయాన్ని పుచ్చుకోవలసి వచ్చింది. ఒక నేర్పు తనంత తానే మరొక నేర్పుగా మారేదైతే ఈ వినిమయంతో పని లేదు.

రమ్మీ ఆడేవాని జ్ఞాపకానికి ఆధారం బల్ల మీద పడిన ముక్కలు. మూడు ముక్కలాటలో ఎదుటివారి ముక్కలు మూసే ఉంటాయి కనుక దానికి పట్టు దొరకదు. ఎదుటివాని ముఖం చదవడం, సమయానికి తప్పుకోవడం సంక్రమిస్తాయి కదా అనవచ్చు. కొంతమేరకు అంగీకరించాలి. అయితే ఫోన్ తెర మీద ముఖమే లేదు.

మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో సంభావ్యతలను గణించి జీతం పొందే ఉద్యోగికి ఈ భ్రమ కలిగే అవకాశం మరింత ఎక్కువ. ఏస్‌టూత్రీ రమ్మీ వేదిక పుట్టినదీ హైదరాబాద్‌లోనే. అదృష్టం కలిసిరాక ఓడాననుకున్నవాడు లేచిపోగలడు. నైపుణ్యం చాలక ఓడానని నమ్మినవాడు తప్పు దిద్దుకోవడానికి మళ్లీ కూర్చుంటాడు. న్యాయస్థానం వాడిన మాట ఆడేవాని నోట ఆత్మసమర్థన అయ్యేది ఇక్కడే. తెలంగాణ 2017లో పందెపు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న భేదం పాటించకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. లేచిపోగల నిగ్రహం ఆట వల్ల అలవడుతుందా అన్నది మాత్రం చట్టం తేల్చేది కాదు.

నలుని కథ చెప్పిన బృహదశ్వుడు ధర్మరాజుకూ అక్షహృదయం ఉపదేశించాడు. ఆ విద్యతో అతడు కంకుభట్టుగా విరాటుని కొలువులో చేరాడు. రాజు విసిరిన పాచిక తగిలి నెత్తురు కారితే, అది నేల పడకుండా దోసిట పట్టాడు. ఆ నిగ్రహం శకుని ఎదుట లేదు. అక్షహృదయమే దాన్ని ఇచ్చిందని బృహదశ్వుడు ఎక్కడా అనలేదు.