రాముడు తీర్చిన ఋణము



మన కోవెలలలోను, గృహములలోను దీపము చుట్టు నిలిచి రామభజన చేయువారికి భద్రాచల రామదాసు పేరు క్రొత్తది కాదు. ఆయన భక్తిని మనము వేనోళ్ళ కొనియాడుచుందుము. అయితే ఆయన కథలో ధనమును గూర్చియు, ఋణమును గూర్చియు ఉత్తమమగు ఉపదేశ మొకటి గలదు. దానిని మనము తరచుగా గమనింపము. ఈ శుభసమయమున ఆ విషయమునే మీకు విన్నవింపదలచితిని.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. 1672 నుండి 1687 వరకు గోల్కొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున ఆయన పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండెను. శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపుట ఆయన ఉద్యోగధర్మము. ఆ పైకముతో ఆయన భద్రాచలమున శ్రీరామునికి ఆలయము కట్టించి, సీతారామలక్ష్మణులకు నగలు చేయించెను. ప్రభువు లెక్క యడిగిన నాడు చూపుటకు సొమ్ము లేదు. గోల్కొండ కోటలో పండ్రెండేండ్లు చెరసాల ననుభవించెనని పరంపర చెప్పుచున్నది. ఆ బాధలో ఆయన ఏ నగకు ఎంత వ్యయమైనదో రామునికే లెక్క చెప్పి, ఇది యెవరి సొమ్మని నిలదీసెను.

అంతట రామలక్ష్మణులు సేవకుల వేషమున రాత్రివేళ తానీషా మందిరమునకు పోయి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రశీదు వ్రాయించుకొని, దానిని గోపన్న తలదాపున నుంచిరని భక్తులు చెప్పుకొందురు.

ఇచట ఒక్క క్షణము ఆలోచింపుడు. రావణసంహారము చేసిన స్వామి కోట తలుపులు తెరిపింపలేడా? ప్రభువు మనస్సు మార్చి బాకీ కొట్టివేయింపలేడా? తన గుడికే ఖర్చయినది గదా యని వాదింపలేడా? అవి యేవియు చేయలేదు. బాకీ యావత్తు చెల్లించెను, రశీదు పుచ్చుకొనెను. గోపన్న భక్తి నిష్కళంకము. కాని ఆ సొమ్ము ఖజానాది. సొమ్ము ఎవరిదో వారికి చేరిన పిమ్మటనే భక్తునికి విడుదల కలిగినది. కావున ధనవిషయమున వివేకి వేసికొనవలసిన మొదటి ప్రశ్న “దీనితో ఏమి చేయుదును?” అనునది కాదు, “ఇది యెవరిది?” అనునదియే.

ఈ మారీసు ద్వీపమున మనకీ ప్రశ్న కడు ముఖ్యము. కోరంగి రేవునుండి వచ్చినందున మన పూర్వులకు కోరంగీలని పేరు కలిగెను. నెలకు అయిదు రూపాయల జీతమునకు, అయిదేండ్ల ఒడంబడికకు, తాము చదువలేని కాగితముపై గురుతు పెట్టి వచ్చినవారెందరో. ఒక్క దినము పనికి రాకున్న రెండు దినముల జీతము కోసెడివారు. అట్టి జీతములోనే మిగిల్చిరి. తోటల యజమానులు భూమిని ముక్కలు చేసి అమ్మిన మోర్సెల్మా కాలమున, వాయిదాలపై పైకము కట్టుచు, చెరకు భూములు కొనినవారు మనవారిలోను గలరు. ఆ ముక్క మన చేతికి వచ్చినది. కాని మన చెమటతో రాలేదు.

యూరపు దేశములు మన చక్కెరకు హామీ ధర నిచ్చిన ఒప్పందము 2009లో ముగిసెను. అంతకుముందే 2006 నుండి ఆ ధరను అంచెలంచెలుగా నూటికి 36 వంతులు తగ్గించిరి. చిన్న రైతులనేకులు సాగు విడిచిరి. భూమి నమ్మవలెనా, ఉంచవలెనా యని నేడనేక కుటుంబములు తర్కించుచున్నవి. అమ్ముట పాపము కాదు. ఆ పైకము బిడ్డ చదువుగానో, నిలుచు వ్యాపారముగానో మారినచో తాత సొమ్ము మనుమనికి చేరినట్లే. మూడు దినముల పెండ్లి ఆర్భాటమునకు కరగిపోయినచో, మూడు తరముల కష్టము కరగినట్లే. సంతకము చేయుటకు ముందే ఇంటిల్లిపాది కూర్చుండి, చెల్లెండ్ర వాటాయు అడిగి, తేల్చుకొనవలెను.

బంధువు వచ్చి వ్యాపారమునకు జామీను అడుగును. కాదన్న మనస్సు నొచ్చుకొనును. ఔనన్న ఇల్లు తాకట్టగును. నీవు స్వయముగా చెల్లింపగలిగినంతకే నిలబడుము. ఆ సంగతి నీ ఇల్లాలికి దాచకుము. “అన్నదమ్ముల నడుమ కాగితమేల?” యని కొందరందురు. రాముడే రశీదు పుచ్చుకొనగా మనకు సిగ్గెందుకు? వ్రాత అనుమానమునకు గురుతు కాదు. రేపటి కలహమునకు నేడే వేసిన అడ్డుకట్ట.

కోవెల ధనమునకును ఇదే నియమము. హుండీలో పడిన రూపాయి స్వామిది. ధర్మకర్త యెంత పుణ్యాత్ముడైనను, మరియొక మంచి పనికైనను, సభ్యులకు తెలియకుండ దానిని మరలింపరాదు. గోపన్నకే తప్పని లెక్క మనకు తప్పునా? అట్లే అప్పు చేసి అమ్మోరికి మ్రొక్కు తీర్చవలెనని తల్లి యెన్నడును కోరదు. ఇంట బాకీ యుంచి, చేతనైనంత పసుపు కుంకుమలతో కొలిచిన ఆమె తక్కువగా నెంచదు.

కథ చివర మరియొక మాధుర్యము గలదు. బాకీ తీరిన పిమ్మట ఆ ప్రభువే, మతము వేరైనను, స్వామికి భక్తుడయ్యెననియు, సీతారామ కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపెననియు చెప్పుదురు. నేటికిని భద్రాచలమున ప్రభుత్వ పక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము సాగుచున్నది. లెక్క తేలనంతకాలము వారు అధికారియు బందీయు. లెక్క తేలిన నాడు ఒకే స్వామి సేవకులు. మన అన్నదమ్ములలోను, వ్యాపార భాగస్వాములలోను ఎన్ని మనస్సులు ఒక్క పాత బాకీ తీరిన కలిసిపోవునో యోచింపుడు. ఈ ఉగాదికి ముందే అట్టి బాకీ యొక్కటియైనను తీర్చుడు.

శ్రీ సీతారామచంద్రుడు మనకందరకు సద్బుద్ధిని, ఋణవిముక్తిని, పరస్పర ప్రేమను ప్రసాదించుగాక!

శుభం భూయాత్.