ఊబిలోనుండి పాట

వాక్యభాగము: కీర్తనలు 40:1–3



మన కల్లూరు పేరులోనే ఒక ప్రసంగమున్నది. కన్నడములో కల్లు అంటే రాయి. తెలుగులో కల్లు అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. త్రాగుడు పట్టినవాని గుండె మొదట రాయి అగును. తరువాత వానిని చూచే మన గుండె రాయి అగును. ఈ రెండవ రాయిని గూర్చి నేడు ధ్యానింతము.

1983లో అమెరికాలో 'టెండర్ మెర్సీస్' అను సినిమా వచ్చినది. మాక్ స్లెడ్జ్ అను పేరుగాంచిన గాయకుడు త్రాగి సమస్తము పోగొట్టుకొని, టెక్సాస్‌లో రోడ్డుప్రక్క బసలో చేతిలో పైసా లేక మేల్కొనును. దాని యజమానురాలు రోసా లీ ఒక విధవరాలు, సంఘ గాయక బృందములో పాడే స్త్రీ. ఆమె ప్రసంగము చేయలేదు. పని ఇచ్చినది, భోజనము పెట్టినది, పనిలో ఉండగా త్రాగకూడదని ఒక్క షరతు పెట్టినది. కొంతకాలమునకు అతడు బాప్తిస్టు సంఘములో ఆమె కుమారునితోపాటు బాప్తిస్మము పొందెను. ఆ పాత్ర ధరించిన రాబర్ట్ డువాల్‌కు ఆస్కార్ బహుమానము వచ్చెను.

అయితే కథ నీళ్లలో ముగియలేదు. బాప్తిస్మము తరువాత అతని కుమార్తె కారు ప్రమాదములో మరణించెను. ఎందుకని అడిగితే అతనికి జవాబు దొరకలేదు. అయినను అతడు సీసాయొద్దకు తిరిగి వెళ్లలేదు.

ప్రియులారా, మన సంఘములలో డోలకు వాయించే సహోదరుడు త్రాగి పట్టుబడితే ఏమి చేయుచున్నాము? డోలకు తీసికొందుము, పేరు కొట్టివేయుదుము. క్రమశిక్షణ అవసరమే. అయితే ఆ సాయంత్రము వాని ఇంటికి ఎవరు వెళ్లిరి? గలతీ 6:1 చదువుడి.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి బాగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు రావచ్చును, ప్రాణాపాయము కలుగవచ్చును. ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపోవుడి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమున్నది. వైద్యము అవిశ్వాసము కాదు.

దావీదు తానే ఊబిలోనుండి పైకి రాలేదు, పైకెత్తబడెను. పాట ఆ తరువాతనే వచ్చెను. పైకెత్తు చెయ్యి ప్రభువుదే. పట్టుకొనుటకు ఆయన మన చేతులను అడుగుచున్నాడు. వచ్చే ఆదివారమునకు ముందు ఒక్క ఇంటి తలుపు తట్టుడి.

ప్రభువు మన రాతి గుండెలను తీసివేయును గాక. ఆమేన్.