ముందు గోడను చూడు, పాపా

పాపా, నువ్వు పంపిన వాల్‌పేపర్ ఫోటో నేనూ మీ పెద్దమ్మా కలిసి చూశాం. ముదురు పచ్చ మీద అరటాకుల డిజైను, మధ్యలో సన్నటి బంగారు గీత. ఇల్లంతా ఒకే రంగు కొట్టించి ఒక్క గోడను మాత్రం ముస్తాబు చేయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. సున్నం గోడల కింద జాజు పట్టె తీసి, గడప దాటగానే కనిపించే గోడను ప్రత్యేకంగా చూసుకున్న ఇళ్ళు మన వైపు ఎన్నో ఉండేవి. అందుకే వాల్‌పేపర్ వద్దని నేను అనను. ఏ గోడకు వేస్తున్నావు, ఎప్పుడు వేస్తున్నావు అన్న రెండు విషయాల్లో మాత్రం నా మాట విను.

నువ్వు అనుకున్నది ముందు పడసాల గోడ. అది మా నాయన, అంటే మీ అబ్బ కట్టించింది. నాపరాళ్ళు పేర్చి, మధ్యన మట్టి పెట్టి, పైన సున్నం పూసిన గోడ. పునాది దగ్గర చెమ్మను ఆపే పొర అందులో ఏదీ లేదు. వానాకాలంలో నేల తాగిన నీళ్ళు రాళ్ళ సందుల్లోని మట్టి వెంబడి పైకి పాకుతాయి. రాయి ఎంత గట్టిదైనా నీళ్ళకు సందు దొరికితే చాలు. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహల్లో తిరిగొచ్చినదానివే కదా, 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ దారులన్నీ మన సున్నపురాతిని నీళ్ళు తొలుచుకుంటూ పోయినవే. మన గోడలో అంత ఘోరం జరగదు గానీ చెమ్మ రావడం మాత్రం ఖాయం. ఇన్నేళ్ళూ అది నీ కంటపడలేదంటే సున్నం చలవే. సున్నం పూత చెమ్మను బయటికి పోనిస్తుంది, ఎండలు ముదిరేసరికి గోడ దానంతట అదే ఆరిపోతుంది. ఎక్కడైనా పెళ్ళ ఊడితే పండక్కి మళ్ళీ పూసుకుంటాం. దాని మీద వినైల్ వాల్‌పేపర్ అంటించావంటే ఆ చెమ్మ పోయే దారి మూసేశావన్నమాట. కాగితం వెనక నల్లగా బూజు పడుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది, అంచులు లేచి వస్తాయి. పాత మట్టి గోడల్లో చెదల భయం కూడా ఉంది. కాగితం, గంజి రెండూ వాటికి మంచి మేత.

నేను చెప్పానని కాదు, నువ్వే పరీక్ష చేసుకో. అరచేత్తో గోడను గట్టిగా రుద్దు. చెయ్యి తెల్లబడిందంటే సున్నం పొడిగా రాలుతోందని అర్థం. జిగురు ఆ పొడికి పట్టుకుంటుంది తప్ప గోడకు పట్టుకోదు, రేపు కాగితం బరువుకు సున్నం పొరతో సహా ఊడి వస్తుంది. రెండో పరీక్ష చెమ్మకు. మూరెడు పాలిథిన్ ముక్క కత్తిరించి, నేలకు జానెడు ఎత్తున గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించు. ఒక పగలూ ఒక రాత్రీ అలాగే వదిలెయ్యి. మర్నాడు టేపు తీసి లోపలి వైపు చూడు. చెమట పట్టినట్టు నీటి చుక్కలు నిలిచి ఉంటే ఆ గోడ వాల్‌పేపర్‌కు పనికిరాదు. ఈ పరీక్ష మే నెలలో చేసి మురిసిపోవద్దు. నాలుగు వానలు పడ్డాక చెయ్యి.

పడసాలకే అందం కావాలంటే దానికి వేరే దార్లున్నాయి. ఒక గోడకు సున్నం పూత గీకించి రాతి వరసలు బయటపెట్టు, సందుల్లో మట్టి రాలిపోయిన చోట్ల సున్నంతో పూడ్పించు. బండల పని తెలిసినవాళ్ళకు మన ఊళ్ళో కరువా? బజారులో రాతి గోడ బొమ్మ అచ్చేసిన వాల్‌పేపర్లు కూడా అమ్ముతున్నారు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎటు చూసినా పాలిష్ ఫ్యాక్టరీలున్న సీమలో పుట్టి, రాయి బొమ్మ కొనుక్కొచ్చి అసలు రాయి మీద అంటించుకుంటామంటే నాకు మనసొప్పదు. నీకూ ఒప్పదనే అనుకుంటాను.

లేదూ పూలూ తీగెలూ కావాలంటే ఒక కలంకారీ గుడ్డ తెచ్చి కర్రకు వేలాడదీయి. పెడనలో అచ్చులతో వేసినది కావచ్చు, శ్రీకాళహస్తిలో కలంతో గీసినది కావచ్చు. గుడ్డ వెనక గాలి ఆడుతుంది, గోడ ఆరుతుంది, దుమ్ము పడితే తీసి దులుపుకోవచ్చు. దాన్ని తక్కువ రకం అనుకోవద్దమ్మా. నువ్వు ఫోనులో చూసే ఆ తీగెల డిజైన్ల వంశవృక్షంలో మన బందరు గుడ్డలకు పెద్ద పీటే ఉంది. 17వ శతాబ్దంలో బందరు రేవు నుంచీ మన దేశంలోని మిగతా రేవుల నుంచీ ఓడలెక్కిన పూల గుడ్డలను యూరపు వాళ్ళు మంచాలకు తెరలుగా, గోడలకు అలంకారంగా కట్టుకునేవాళ్ళు. వాటి మోజు ఎంత పెరిగిందంటే తమ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో అద్దకం నూలు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో వాటిని కట్టుకోకూడదు, ఇంట్లో వాడకూడదు అని చట్టం చేసింది. ఆ శతాబ్దంలోనే అక్కడి కాగితం అచ్చువాళ్ళు మన గుడ్డల పూలను కాగితాల మీద దించి గోడలకు అమ్ముకున్నారు.

ఇక వాల్‌పేపర్ వేసి తీరాలన్న నీ సరదా ఇంటి వెనక కట్టిన కొత్త హాల్లో తీర్చుకో. అక్కడ కూడా నాలుగు గోడలూ ఒకటి కావు. పడమటి గోడ వద్దు, సాయంత్రం దాకా ఎండకు కాగి ఉంటుంది, జిగురు పెళుసెక్కుతుంది. స్నానాల గది గోడ వద్దు, లోపల పైపు ఎప్పుడు చెమరుస్తుందో చెప్పలేం. హాలుకూ పడకగదికీ మధ్యనున్న గోడే సరైనది. దానికి రెండు వైపులా ఇల్లే, ఎండా వానా తగలవు. కిటికీ దానికి ఎదురుగా ఉంది కాబట్టి వెలుతురు సమంగా పడుతుంది. కిటికీ పక్కనే ఉన్న గోడకైతే వెలుతురు వాలుగా పడి ప్రతి ఎత్తుపల్లం, ప్రతి జాయింటు కనబడుతుంది.

అయితే ఆ గోడకు సిమెంటు పూసి ఎన్ని నెలలైందని? పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, సిమెంటులోని క్షారం రంగుల్ని తినేస్తుంది. పాలు పొంగించే రోజుకు ఆ గోడకు మామూలు ప్రైమర్ కొట్టించి వదిలెయ్యి. ఆ రోజు హోమం పొగ ఎలాగూ పడుతుంది. మామిడిపండ్ల కాలానికి పిల్లలందరూ వస్తారు, అప్పటికి సిద్ధంగా ఉండాలని తొందరపడొద్దు. ఒక వానాకాలం దాటనీ. మిద్దె మీద నీళ్ళు ఎటు నిలుస్తాయో, ఏ మూల మచ్చ కడుతుందో ఆ నాలుగు నెలల్లో ఇల్లే చూపిస్తుంది. స్వాతి కార్తె వానలు కూడా వెళ్ళాక, కార్తీకం నుంచి మాఘం దాకా ఎప్పుడైనా వేయించుకో. అప్పుడు ఎండ అణిగి ఉంటుంది, జిగురు నిదానంగా ఆరుతుంది.

పేపరు ఎంచేటప్పుడు ఉబ్బెత్తు డిజైన్ల జోలికి పోవద్దు. మన ఊళ్ళో రాతి పొడి గాలిలో ఉంటుంది, ఆ ఉబ్బుల సందుల్లో దూరిందంటే రాదు. తడిగుడ్డతో తుడిచినా చెదరని నునుపు రకం తీసుకో. షాపులో పుస్తకం తిరగేసి అక్కడే తేల్చుకోకుండా ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకో. గోడకు అంటించి పొద్దున ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడు. మీ హాల్లో పరిచింది బూడిద రంగు బండ. షాపు తెల్ల టైల్స్ మీద మెరిసిన పచ్చ, ఆ బండ పక్కన నల్లబడి కనిపించవచ్చు. బండను మార్చలేవు, అందుకే దానికి కుదిరే రంగునే ఎంచుకో.

ఎన్ని రోల్స్ కావాలన్న దగ్గర లెక్క తప్పుతుంటారు, ఇది జాగ్రత్తగా చదువు. మామూలుగా దొరికే రోల్ వెడల్పు 21 అంగుళాలు, పొడవు 33 అడుగులు, దాదాపు 57 చదరపు అడుగులు. నీ గోడ వెడల్పు 12 అడుగులు, ఎత్తు 11. అంటే 132 చదరపు అడుగులు. 57తో భాగిస్తే రెండున్నర కూడా దాటట్లేదని మూడు రోల్స్ చేతిలో పెడతారు. అవి చాలవు. చదరపు అడుగులు కాదు, పట్టీలు లెక్కపెట్టాలి. 12 అడుగుల వెడల్పుకు 21 అంగుళాల పట్టీలు ఏడు కావాలి. ఒక్కో పట్టీ 11 అడుగులు, పైనా కిందా కత్తిరించుకోవడానికి రెండేసి అంగుళాలు కలిపితే 11 అడుగుల 4 అంగుళాలు. 33 అడుగుల రోల్లో అలాంటివి రెండే వస్తాయి, మూడోది ఒక్క అడుగు తేడాతో తప్పిపోతుంది. ఏడు పట్టీలకు నాలుగు రోల్స్. అదే 10 అడుగుల ఎత్తు గోడైతే ఒక్కో రోల్‌కు మూడు పట్టీలొచ్చి మూడు రోల్స్‌తో సరిపోయేది. పెద్ద అరటాకు డిజైనైతే పక్క పట్టీలో ఆకు ఆకుతో కలవాలి కాబట్టి ఇంకా వృథా పోతుంది, ఆ డిజైను ఎన్ని అంగుళాలకొకసారి మళ్ళీ మొదలవుతుందో లేబుల్ మీద చూసుకో. నాలుగు రోల్స్ మీదా లాట్ నంబరు ఒకటే ఉండాలి. నంబరు మారితే ఒకే డిజైను అయినా రంగులో పలుచన, చిక్కన తేడా వస్తుంది.

అంటించే రోజు అల్లుణ్ణి సెలవు పెట్టమను, పనివాళ్ళ మీదే వదిలేయొద్దు. గోడకు లప్పం పెట్టి, ఎమరీతో రుద్ది, ప్రైమర్ కొట్టి, అది పూర్తిగా ఆరిన తర్వాతే పని మొదలవ్వాలి. మెయిన్ కట్టేసి స్విచ్ బోర్డుల మూతలు విప్పించు. మొదటి పట్టీని మూలను చూసి నిలబెట్టనీయొద్దు, మూలలు ఎప్పుడూ నిట్టనిలువుగా ఉండవు. బేల్దారి తూకం గుండు వేలాడదీసి, పెన్సిల్‌తో గీత గీసి, దాని వెంబడి మొదటి పట్టీ పెట్టించు. అక్కడ నూలువాసి వాలితే ఏడో పట్టీకి వచ్చేసరికి అరటిచెట్టు ఒరిగిపోయి ఉంటుంది. జిగురు కంపెనీ పొడే వాడాలి. సినిమా పోస్టర్లకు కాచే మైదా జిగురుతో పని కానిస్తామంటే ఒప్పుకోవద్దు, అది పురుగుల్ని పిలుస్తుంది. కాగితం వెనక జిగురు పూసే రకమైతే పూసి, మడిచి, కాసేపు నాననివ్వాలి. నానితే కాగితం కొద్దిగా సాగుతుంది. ఆ సాగేదేదో గోడ ఎక్కకముందే సాగాలి, లేకపోతే గోడ మీద సాగి బుడగలు కడుతుంది. నాన్ వోవెన్ రకమైతే జిగురు గోడకే పూస్తారు, నానబెట్టే పని లేదు. బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు తోసుకుంటూ గాలి పోగొట్టాలి, జాయింట్ల దగ్గర పైకి ఉబికిన జిగురును అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడిచెయ్యాలి. మర్నాటి దాకా ఫ్యాను వెయ్యొద్దు. త్వరగా ఆరాలని ఫ్యాను వేస్తే జాయింట్లు విచ్చుకుంటాయి.

నాలుగో రోల్లో ఒక పట్టీ మిగులుతుంది. దాన్ని చుట్టి, లాట్ నంబరున్న లేబుల్‌తో సహా బీరువా మీద పెట్టుకో. రేపు పిల్లలు సైకిల్ గుద్ది చింపితే అతుకు వెయ్యడానికి అదే దిక్కు. పాలిథిన్ పరీక్ష ఫలితం ఏమొచ్చిందో వానలు పడ్డాక ఫోను చేసి చెప్పు. పడసాల రాళ్ళు తేల్చే పని పెట్టుకుంటే మాత్రం నాకు ముందే కబురు చెయ్యి, ఆ గోడలో దీపాల గూడు ఎక్కడ పూడ్చారో నాకు గుర్తుంది, గీకేవాళ్ళకు చూపించాలి.