నిండు గిన్నె పక్కన దాహం

హుద్‌హుద్ తుపాను తీరం దాటిన మర్నాడు విశాఖ స్టీల్ ప్లాంటు ఉద్యోగుల కాలనీ ఉక్కునగరంలో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అది తీరం దాటింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి విశాఖ మీద విరుచుకుపడి, ఏళ్ల తరబడి మొక్కమొక్కగా పెంచుకున్న పచ్చదనాన్ని రోడ్లకు అడ్డంగా పడుకోబెట్టింది. కరెంటు లేదు. కుళాయి రాదు. పాల ప్యాకెట్టు ఎంతని అడిగే ధైర్యం లేదు. ట్యాంకరు వచ్చిందంటే చాలు, ఆఫీసరుగారి భార్యా, వాళ్లింట్లో అంట్లు తోమే మనిషీ ఒకే లైన్లో బిందెలు పెట్టారు.

ఈ కథ ఆ వారంలో జరిగిందనుకోండి.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసే ఒకాయన కొడుక్కి, కూలిన కానుగ చెట్టు కొమ్మల్లో ఊసరవెల్లి దొరికింది. తొండ కాదు, అసలుదే. కొమ్మను పటకారులా పట్టే కాళ్లు, చుట్ట చుట్టుకున్న తోక, ఒకటి ముందుకు చూస్తుంటే ఇంకోటి వెనక్కి చూసే కళ్లు. తండ్రి జాలిపడ్డాడు. అటక మీదున్న పాత చేపల తొట్టె దించి, తుడిచి, అందులో పెట్టాడు. పిల్లాడు బిందెలోంచి తన వాటా గ్లాసుడు నీళ్లు తీసి గిన్నెలో పోశాడు. ఆ వారం విశాఖలో గ్లాసుడు నీళ్లు ఇవ్వడమంటే చిన్న దానం కాదు. తల్లి కసిరింది, ఆపలేదు.

అన్నం మెతుకులు వేశారు. టమాటా ముక్క వేశారు. పక్క క్వార్టర్ వాళ్లు చచ్చిన బొద్దింకను కాగితంలో పెట్టి మరీ పంపారు. అది దేన్నీ చూడలేదు. బ్లాకులో పిల్లలంతా వంతులవారీగా దాన్ని ఎత్తుకున్నారు, వీపు నిమిరారు, ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగుతో ఫొటోలు తీశారు. ఎత్తుకున్నప్పుడల్లా అది నల్లబడింది. ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి బుసకొట్టింది.

"ఇంత చేస్తే విశ్వాసం లేదు చూడు. ఊరికే అన్నారా ఊసరవెల్లి బుద్ధని!" అన్నాడు తండ్రి.

మూడో రోజుకి దాని కళ్లు గుంటలు పడ్డాయి. గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

కూలిన కొమ్మలు నరికి లారీకెత్తడానికి కూలివాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక ముసలమ్మ. ప్లాంటు కోసం ఊరొదిలిన కుటుంబం ఆవిడది. తాగడానికి చెంబుడు నీళ్లడుగుదామని గుమ్మం దాకా వచ్చి, తొట్టె చూసి ఆగిపోయింది.

"ఏటి బాబూ, దీన్నిలాగ సేసేసినారు?"

"నీళ్లు పెట్టాం మామ్మా. తాగటం లేదు."

"గిన్నెలో నీల్లు నీల్లని దానికేటి తెలుస్తాది నాయనా? అదెప్పుడైనా గిన్నె సూసిందా? ఆకు మీద మంచుబొట్టు తాగుతాది, వానసుక్క తాగుతాది. అంతే."

సాయం కింద పంచిన నీళ్ల ప్యాకెట్టు ఒకటి అడిగి తీసుకుంది. తుమ్మముల్లుతో దాని మూలన చిన్న బెజ్జం పెట్టింది. వరండా గ్రిల్లుకి ఆకులున్న కానుగ కొమ్మ కట్టి, పైన ప్యాకెట్టు వేలాడదీసింది. ఊసరవెల్లిని చేత్తో పట్టలేదు. తొట్టెలోకి ఒక పుల్ల జార్చి, అదే ఎక్కేదాకా నిలబడి, పుల్లతో సహా కొమ్మ మీదికి చేర్చింది.

చుక్క పై ఆకు మీద పడింది. జారి కింది ఆకు అంచున ఆగింది, మెరిసింది. ఊసరవెల్లి కన్ను ఒకటి అటు తిరిగింది. రెండో కన్ను ఇంకా పిల్లాడి మీదే ఉంది. ఇంకో చుక్క పడ్డాక అదీ తిరిగింది. మెల్లిగా మెడ చాచి ఆకు అంచుని నోట్లోకి తీసుకుంది. ఆ తర్వాత ప్యాకెట్టు సగం అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

పిల్లాడు పరుగెత్తి గడ్డిలోంచి మిడత పట్టుకొచ్చాడు. బతికున్నదాన్ని, కొమ్మ మీద నడిచేలా వదలమంది ముసలమ్మ. ఈసారి రెండు కళ్లూ ఒకేవైపు తిరిగాయి. ఒంటికన్నా పొడుగైన నాలుక వచ్చి వెళ్లింది. మిడత లేదు.

"మరి ఎత్తుకుంటే ఎందుకు కోపం?"

"పైనించి సెయ్యెడితే గద్దనుకుంటాది. దాని ముందర కొమ్మలాగ సెయ్యెట్టి ఊరుకో. ఎక్కితే ఎక్కుతాది, నేదంటే నేదు."

ఆ సాయంత్రం పిల్లాడు భుజం లాగేస్తున్నా చెయ్యి తియ్యలేదు. చీకటి పడే వేళకి అది ఒక కాలు చాపి వేలు పట్టుకుంది. ముందుకీ వెనక్కీ ఊగి, రెండో కాలు వేసింది. నల్లబడలేదు. మర్నాడు తండ్రీకొడుకులు దాన్ని క్వార్టర్ల వెనక నిలబడ్డ వేపచెట్టు ఎక్కించి వచ్చారు.

నీతి: ఎంత ఇచ్చామన్నది ఇచ్చినవాడి లెక్క. పుచ్చుకునేవాడి నోటికి అందే తీరులో ఇచ్చామా అన్నదే అసలు లెక్క.

ఆ తండ్రిది చెడ్డ మనసు కాదు. గ్లాసుడు నీళ్లు ఇచ్చిన పిల్లాడిది అసలే కాదు. అయినా వాళ్ల దయ పక్కనే ఒక ప్రాణి ఎండిపోయింది. తుపాను సాయంలోనూ, ముసలి అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపడంలోనూ మనం చేసేది చాలాసార్లు ఇదే. పైగా పుచ్చుకోలేదని విశ్వాసం లేదంటాం. ఊసరవెల్లి పేరును మోసానికి వాడేసుకున్నాం గానీ, దాని రంగు దొంగ వేషం కాదు. వేడి, భయం, కోపం, జోడు కోసం పిలుపు అన్నీ ఒంటి మీద రాసుకుని తిరుగుతుంది. 'వదిలెయ్యి' అని అది నలుపులో చెప్పింది. చదవలేకపోయింది మనుషులు.

యెమెన్ జాతి లాంటి విదేశీ ఊసరవెల్లుల్ని పెంచేవాళ్లు ఈ ముసలమ్మ పాఠమే నేర్చుకోవాలి. గాజు తొట్టెలో గాలి ఆడదు, జాలీ గూడు కావాలి. పొద్దునా సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు చిలకరించాలి, మధ్యలో చుక్కలు పడే ఏర్పాటుండాలి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ముదురు పసుపుకో నారింజకో తిరిగితే నీళ్లు చాలడం లేదని అర్థం. పురుగుల్ని ముందు రోజు ఆకుకూరలతో మేపి, కాల్షియం పొడి అద్ది వెయ్యాలి. అది లేకపోయినా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందకపోయినా ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. చేతికి రావడం దాని ఇష్టం. రానంటే రోజూ చూసి ఆనందించడమే. ఆ విదేశీ జాతుల్ని కూడా కేంద్రం పెట్టిన పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి.

మన తూర్పు కనుమల ఊసరవెల్లి సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. కంబాలకొండ పక్క రోడ్డు మీదో, సింహాచలం కొండ దారిలోనో అది ఊగుతూ నడుస్తూ కనిపిస్తే రాయి ఎత్తకండి, అది విషప్రాణి కాదు. బండి ఆపి, ముందర ఒక కొమ్మ పెట్టి, ఎక్కాక దగ్గర్లో ఉన్న చెట్టు మీదికి చేర్చండి. దెబ్బ తగిలి ఉంటే మాత్రం అటవీ శాఖ వాళ్లకి కబురు చెయ్యండి.