బాల్కనీ గదిలో బౌధాయనుడి సముద్రం

శంషాబాద్‌కు సముద్రం చాలా దూరం. అయినా అక్కడ విమానమెక్కి, సింగపూర్‌లో క్రూజ్ ఓడ పట్టుకునే తెలుగు కుటుంబాలకు ముందుగా తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: బాల్కనీ గదా, కిటికీ లేని లోపలి గదా?

ఒకప్పుడు సందేహం గది గురించి కాదు, ప్రయాణం గురించే. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ని చేసే పాపాల్లో చేర్చింది. 1888లో ఇంగ్లండు వెళ్తానని పట్టుబట్టినందుకు గాంధీని కులం వెలివేసింది. అయినా వెళ్లినవాళ్లున్నారు: 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో తన పశ్చిమ యాత్ర గురించి ప్రసంగించిన వివేకానందుడు, మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు.

నిషేధం పోయింది. భక్తి పోనక్కర్లేదు.

మోకాళ్ల నొప్పుల నానమ్మకు బాల్కనీ విలాసం కాదు. తెల్లవారగానే ఉప్పుగాలికి కొంగు బిగించి, రెయిలింగ్ పక్కన నిలబడి ఆమె సూర్యుడికి దణ్ణం పెడుతుంది. మెట్లెక్కగలిగిన మనవలకు పై డెక్ మీద అదే సూర్యోదయం అందరితో కలిసి దొరుకుతుంది.