అడగని ఉత్తరాలు

నేపర్విల్‌లో మా ఇంటి నుంచి గ్రేట్ లేక్స్‌కి కారులో గంట ప్రయాణం. రోడ్డు మీద రద్దీ ఉంటే గంటన్నర. షికాగోకి ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ నౌకాదళ కేంద్రం 1911 నుంచీ నడుస్తోంది. అమెరికా నేవీలో సెయిలర్‌గా చేరే పిల్లలు ఏ రాష్ట్రం వారైనా ఇవాళ మొదటి శిక్షణకు అక్కడికే రావాలి. 2023 జూన్‌లో మా అబ్బాయి వెళ్లాడు. అంతకుముందు ఏడాదే ఆ శిక్షణను 8 వారాల నుంచి 10 వారాలకు పెంచారు. ఆ 10 వారాలూ మా ఇంటికీ వాడికీ మధ్య ఉన్న గంట దూరాన్ని దాటే వీల్లేకపోయింది.

"గంటే కదే, ఓపాలి ఎల్లి సూసొచ్చీరాదా?" అంది అమ్మ, అనకాపల్లి నుంచి ఫోన్లో.

"ఎల్లకూడదమ్మా. లోపలికి రానివ్వరు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "మీ అన్నప్పుడూ అంతే కదేటి" అంది.

ఈ సంచికకు విలువల మీద రాయమన్నారు. పండగల గురించి, భాష గురించి, పిల్లలకు నేర్పించే నాట్యం గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో ఉన్నారు. నేను రాయగలిగింది ఎదురుచూడటం గురించి. అది అమ్మ దగ్గర చిన్నప్పుడే చూశాను. నేర్చుకున్నది మాత్రం నలభై ఏడో ఏట.

చేరిన రాత్రి ఒక ఫోన్ వచ్చింది. అర నిమిషం కూడా లేదు. క్షేమంగా చేరాను, తర్వాత ఉత్తరం రాస్తాను అని ఇంగ్లిషులో, కాగితం చూసి చదువుతున్నట్టు ఒకే గొంతుతో చెప్పి పెట్టేశాడు. నేను "నాన్నా" అనేలోపే అయిపోయింది. మరికొన్ని రోజులకు ఒక అట్టపెట్టె వచ్చింది. వాడు ఇంటి నుంచి వేసుకెళ్లిన జీన్సు, టీషర్టు, బూట్లు, అన్నీ మడతపెట్టి పంపేశారు. బట్టలు వెనక్కి వస్తాయని ముందే తెలుసు. అయినా గుమ్మంలో పెట్టె విప్పి, ఆ బూట్లలో కుక్కి ఉన్న సాక్సులు చూసేసరికి అక్కడే కూలబడ్డాను. మా ఆయన వచ్చి పెట్టె తీసి లోపల పెట్టారు. ఇద్దరం ఆ పూట దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆ వేసవిలో నాకు దిగులుకన్నా కష్టం అనిపించినది ఇంకొకటి ఉంది. ఒక పుట్టినరోజు విందులో తెలిసినావిడ "మీవాడిది ఏ యూనివర్సిటీ?" అని అడిగారు. నేవీలో చేరాడండీ అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, "అయ్యో, ఏమైంది? మార్కులు రాలేదా?" అన్నారు. ఆవిడది చెడ్డ మనసు కాదు, నాకు తెలుసు. మర్నాడు వంట చేసి పంపారు కూడా. కానీ ఆ "అయ్యో" నన్ను చాలా రోజులు వదల్లేదు. మా అనకాపల్లిలో, ఆ మాటకొస్తే విజయనగరం, శ్రీకాకుళం దాకా, తెల్లారకముందే రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లంతా సైన్యంలో సెలక్షన్ కోసమే పరుగెత్తేది. ఒకడు ఎంపికైతే ఆ వీధి వీధంతా తీపి పంచుకుంటుంది. మా అబ్బాయి చేరాడని తెలిసిన రోజు అమ్మ బెల్లం గవ్వలు చేసి ఇరుగుపొరుగుకి పంచింది. ఒకే కబురుకి అక్కడ గవ్వలు, ఇక్కడ పరామర్శ. పిల్లలు ఇంజనీరింగు, మెడిసిన్ కాక మరో దారి పడితే సానుభూతి చూపించే అలవాటు మనం ఇక్కడికి వచ్చాక పెంచుకున్నదే. దాన్ని ఊరి నుంచి తెచ్చుకున్న విలువల్లో కలిపేయకండి.

అన్నయ్య 1988లో ఇండియన్ నేవీలో చేరాడు. శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు పక్కన ఉన్న ఐఎన్‌ఎస్ చిల్కాలో. నాకప్పుడు పన్నెండేళ్లు. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా. మా ఇంట్లో ఫోను లేదు, వీధిలోనూ లేదు. అన్నయ్య వెళ్లిన రోజు నాన్న విశాఖపట్నం దాకా వెళ్లి రైలెక్కించి వచ్చారు. ఇచ్ఛాపురం దాటితే మన భాష వినపడదట అని చెప్పారు రాత్రి అన్నం తింటూ. అమ్మ కంచంలో వేలు ఆడించి లేచిపోయింది.

తర్వాత మా ఇంట్లో గడియారం పోస్టుమేనే. పదకొండు దాటాక అమ్మ వీధి అరుగు మీదకి ఏదో పని తెచ్చుకునేది. బియ్యంలో రాళ్లు ఏరడమో, చింతపండు పిక్కలు తీయడమో. పోస్టుమేన్ మా గుమ్మం దాటి వెళ్లిపోతే పని ఎత్తుకుని లోపలికి వచ్చేసేది. ఒక్క మాట అనేది కాదు. నూకాలమ్మకి మొక్కుకుందని మాత్రం మాకు కొత్త అమావాస్య జాతరప్పుడు తెలిసింది.

అమ్మ మూడో తరగతి వరకే చదివింది. రాయగలదు గానీ నెమ్మది. అందుకని ఇన్‌ల్యాండ్ లెటర్ మీద నేను రాసేదాన్ని, తను చెప్పేది. ఆ నీలం కాగితంలో చోటు కొంచెమే. అయినా నా రాతకి ఎన్ని కొట్టివేతలో! "ఎలాగున్నావు, సరిగ్గా తింటున్నావా, ఎండలో నిలబెడుతున్నారా, ఎప్పుడొస్తావు" అని నేను మొదలుపెట్టేదాన్ని. అమ్మ ఆపేసేది.

"అడక్కే. సెప్పు."

"అడక్కపోతే ఎలా తెలుస్తాదమ్మా?"

"ఆడు జవాబు రాసి, అది మనకాడికొచ్చేతలికి పదైదు రోజులు. అందాకా నువ్వడిగింది ఆడి బుర్రలో తిరుగుతా ఉంటాది. ఆడు సదివి నిద్దరోవాలి."

మరి ఏం రాయాలి? ఆవు ఈనింది, పెయ్యదూడ, నుదుటి మీద తెల్లమచ్చ ఉందని రాయి. బావికి కొత్త గిలక వేయించామని రాయి. శారదానదిలో నీళ్లొచ్చాయని రాయి. మార్కెట్లో బెల్లం దిమ్మలకి ఈ వారం ధర పలికిందని రాయి, నాన్న ఊరట పడతన్నారని ఆడికే తెలుస్తాది. అలా చెప్పుకుంటూ పోయేది. అప్పుడు నాకు విసుగ్గా ఉండేది. గిలక గురించి ఎవరైనా ఉత్తరం రాస్తారా? మొన్నీమధ్య అన్నయ్యని అడిగితే, ఆ గిలక చప్పుడు ఎలా ఉంటుందో అని బ్యారక్‌లో పడుకుని ఊహించుకునేవాడినన్నాడు.

ఇంతవరకూ అమ్మని పొగిడాను. ఒక తప్పు కూడా చెప్పాలి. అన్నయ్య శిక్షణలో ఉండగానే మా నాయనమ్మ పోయింది. టెలిగ్రాం ఇద్దామని నాన్న అన్నారు. వద్దని అమ్మ పట్టుబట్టింది. వాడు వచ్చి చేసేదేముంది, మధ్యలో వదిలేసి వస్తే అంతా పోతుంది అంది. శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చిన అన్నయ్య గుమ్మంలోంచే "నాయనమ్మా" అని పిలిచాడు. తర్వాత ఆ ఇంట్లో పడ్డ మౌనం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చాలా ఏళ్లు అన్నయ్య అమ్మతో ఆ ఊసెత్తలేదు, క్షమించనూ లేదు. జ్వరంలాంటి చిన్న సంగతిని ఉత్తరంలోంచి కొట్టెయ్యొచ్చు. చావుని కొట్టెయ్యకూడదు. ఆ తేడా అమ్మకి తెలియక కాదు, భయం వల్ల దాటింది.

అందుకే మా అబ్బాయి బయలుదేరే ముందు రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను. "చిన్న చిన్న కష్టాలు రాయను. పెద్దదేదైనా అయితే దాచను. నా దగ్గర్నుంచి ఏమీ రాలేదంటే ఏమీ కాలేదని అర్థం." ఇక్కడ దానికి పద్ధతి కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అమెరికన్ రెడ్‌క్రాస్‌కి ఫోన్ చేయాలి. వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి, నిజమేనని నిర్ధారించుకుని, పిల్లవాడి పైఅధికారికి కబురు అందిస్తారు. పిల్లల్ని శిక్షణకు పంపే మన తల్లిదండ్రులు ఇది ముందే తెలుసుకుని ఉంచుకోండి. తాతగారో అమ్మమ్మో ఇండియాలో ఉన్నవాళ్లు మరీను.

ఇంత తెలిసిన నేను మొదటి ఉత్తరం ఎలా రాశానో చెప్పనా? నాలుగు పేజీలు. పంపేముందు మా ఆయన లెక్కపెట్టారు, పందొమ్మిది ప్రశ్నలు. నిద్రపోతున్నావా, మోకాలి నొప్పి ఎలా ఉంది, శాకాహారం దొరుకుతోందా, ఎవరైనా అరుస్తున్నారా. వాడి జవాబు ఎనిమిది లైన్లు. చివరి లైను మాత్రం గుర్తుంది. అమ్మా, అన్నిటికీ రాయడానికి టైమ్ లేదు, రాయకపోతే నువ్వు ఏడుస్తావేమోనని నాకు భయంగా ఉంది అని. నా బెంగంతా కవర్లో పెట్టి అతికించి, పద్దెనిమిదేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టాను. పొద్దున్నించి రాత్రి దాకా వాడు మోస్తున్నవి చాలవన్నట్టు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. "ఏటి రాసేవు?" అని అడిగింది. చెప్పాను. "ఓలమ్మ! అడిగీసావా?" అంది.

రెండో ఉత్తరంలో వాకిట్లో టొమాటో మొక్క కాసిన సంగతి రాశాను. పక్కింటి కుక్క మా కంచె కింద గొయ్యి తవ్విందని, మా ఆయన గడ్డి కోసే యంత్రం తనే బాగుచేస్తానని రెండు వారాలుగా దాన్ని విప్పి గ్యారేజీలో పరిచారని రాశాను. ఉడికించి పంపడానికి, ఊరబెట్టి పంపడానికి వీల్లేదు, తినే వస్తువులు లోపలికి పోనివ్వరు. ఆవకాయ సీసా పంపలేని తల్లికి మిగిలేది మాటలే. వాటిని కూడా వండినంత శ్రద్ధగా చేయాలని నాకు అప్పుడు తట్టింది.

మా చిన్నాన్న కూతురు సింగపూర్‌లో ఉంటుంది. అక్కడ పర్మినెంట్ రెసిడెంట్ల కొడుకులు కూడా పౌరుల పిల్లల్లాగే రెండేళ్లు నేషనల్ సర్వీస్ చేయాలి. మొదటి రోజు తల్లిదండ్రులు పడవెక్కి టెకాంగ్ దీవికి పిల్లాడితో పాటు వెళ్లవచ్చు. వాడు పడుకునే మంచం చూపిస్తారు, అక్కడే అందరికీ భోజనం పెడతారు. ఆ తర్వాత పడవ పెద్దవాళ్లని మాత్రమే వెనక్కి తెస్తుంది. కొడుకుని దింపి వచ్చేటప్పుడు తనూ వాళ్లాయనా పడవలో ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని చెప్పింది. కోరుకొండ సైనిక్ స్కూలుకి ఆరో తరగతిలోనే పిల్లల్ని దింపి వచ్చే ఉత్తరాంధ్ర తల్లులకి ఇదంతా పాత సంగతి. ఆ స్కూలు 1962 నుంచీ ఉంది. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు చదువుకున్నదీ అక్కడే. ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా నా నోరు మూతపడుతుంది. శిక్షణ రోజుల మౌనాన్ని నేను కష్టమని రాస్తున్నాను. సరిహద్దు నుంచి వచ్చే మౌనం ముందు ఇది ఎంత? ఆ తల్లిదండ్రుల పక్కన నిలబెట్టుకోవడానికి నా దగ్గర మాట లేదు.

జులైలో అమ్మ తనే ఉత్తరం రాసింది. మనవడికి, సొంత చేత్తో, తెలుగులో. మూడు రోజులు పట్టిందట. అమ్మ పక్కింటివాళ్ల మనవడు అంతకుముందే చిల్కాలో అగ్నివీర్‌ల తొలి బ్యాచ్‌లో శిక్షణ ముగించాడు, 2023 మార్చి 28న పెరేడు. సూర్యాస్తమయం అయ్యాక జరిగిందట. పదహారు వారాలు ఆ పిల్లాడికి రాసిన అలవాటు వాళ్లకి ఉంది కాబట్టి, అమ్మ కాగితాన్ని వాళ్లే ఫొటో తీసి నాకు పంపారు. నేను ప్రింటు తీసి కవర్లో పెట్టాను. వాడు ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు, కూడబలుక్కుని చదవగలడు. నా ఇంగ్లిషు ఉత్తరం రెండు నిమిషాల్లో అయిపోయేదట. అమ్మమ్మది మాత్రం నాలుగు రాత్రులు వచ్చిందట, రోజుకి కొన్ని లైన్ల చొప్పున.

ఆగస్టు చివర్లో ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. ఓడలాగే కట్టిన 210 అడుగుల నమూనాలో రాత్రంతా, పన్నెండు గంటలు, మంటలూ వరదలూ ప్రమాదాలూ అని పరీక్ష పెడతారు. అది దాటితే నెత్తిన 'రిక్రూట్' అని ఉన్న టోపీ తీసి 'నేవీ' అని ఉన్నది పెడతారు. "అయిపోయిందమ్మా" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. ఈసారి కాగితం చూసి చదవలేదు.

పెరేడు రోజు ఆ పెద్ద హాలులో వాడిని నేను గుర్తుపట్టలేదు. మా ఆయన పట్టారు, నడకని బట్టి. బయటికొచ్చాక సన్నగా, నిటారుగా నా ముందు నిలబడ్డాడు. కౌగిలించుకున్నాను. అడగాలనుకున్నవన్నీ గొంతు దాకా వచ్చాయి. ఏదీ అడగలేదు. వాడే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి.

"అమ్మా, ఇదొక్కటి తెలియలేదు. అక్కడ అడగడానికి ఎవరూ లేరు. పెరడు అంటే ఏంటి?"

అమ్మ రాసిన లైను చూశాను. పెరట్లో సన్నజాజి పూసింది, చాలా పూసింది అని ఉంది. అప్పుడు అనకాపల్లిలో రాత్రి పది. అమ్మకి వీడియో కాల్ చేశాం. నిద్రపోలేదు, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంది. మనవడి మొహం చూసి, "సిక్కిపోయావురా బాబూ" అని ఇంకేమీ అనలేకపోయింది. వాడు తను తెలుసుకోవాల్సింది అడిగాడు. "ఉండు, సూపిత్తాను" అని లేచింది. తెర మీద ముందు నేల, తర్వాత చీకటి, గొళ్లెం తీసిన చప్పుడు. లైటు వేసింది. బావి, గిలక, దాని వెనక గోడ మీదికి పాకిన తీగ.