కిరాయి ఇంట్లో చావు ఎవరికి మైల?

సుల్తానాబాద్‌లో రాజీవ్ రహదారికి ఇరువైపులా ఉన్న వాడల్లో ఒక్కో ఇల్లు మూడు నాలుగు పోర్షన్లుగా కిరాయికి పోతుంది. రైస్ మిల్లుల్లో పనికి వచ్చినవాళ్లు, పిల్లల చదువుల కోసం ఊరు విడిచి వచ్చినవాళ్లు ఆ గోడల మధ్యే సంసారాలు చేస్తారు. అక్కడ పెళ్లిచూపులు జరుగుతాయి, పురుళ్లు జరుగుతాయి, బతుకమ్మలు పేరుస్తారు. ఒక్క చావు మాత్రం జరగకూడదు. పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న రోజున ఇంటి ఓనరు గేటు దగ్గర నిలబడతాడు. పాణం ఉంటే ఊరికి తరలించమంటాడు, పోయి ఉంటే శవాన్ని గడప దాటనివ్వడు. అంబులెన్సు రోడ్డు మీదే ఆగుతుంది, ఖాళీ జాగాలో టెంటు పడుతుంది. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఏ పట్నమైనా ఈ కథ కొత్తది కాదు. ఓనర్లు అందరూ ఇలాంటివాళ్లని నేననను. కానీ అడ్డుకునేవాళ్లు చెప్పే కారణం మాత్రం దాదాపు ఒక్కటే: మైల, శాస్త్రం ఒప్పుకోదు. మరి శాస్త్రం నిజంగా ఒప్పుకోదా?

మైల గురించి ధర్మశాస్త్రాల్లో కావలసినంత విస్తారంగా ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో చాలా భాగం దాని గురించే. కులాన్ని బట్టి 10 రోజులు, 12, 15, 30 అని మైలను విడగొట్టిన పుస్తకం అది. దానికి తలవంచమని నేను చెప్పడం లేదు. శాస్త్రం పేరుతో తలుపు వేశారు కాబట్టి ఆ శాస్త్రాన్నే తెరిచి చూడాలి. అందులో మైల ముఖ్యంగా నడిచేది నెత్తురు బంధం వెంట. సపిండులకు, అంటే దగ్గరి రక్తసంబంధీకులకు ఇన్ని రోజులు, దూరపు వాళ్లకు ఇన్ని రోజులు అని లెక్క. బంధువు కానివాడు తనంతట తాను శవం వెంట నడిచినా, కట్టుబట్టలతో స్నానం చేసి, నిప్పును తాకి, నెయ్యి తింటే శుద్ధి అయిపోతుందని అదే అధ్యాయం చెబుతుంది. ఇంటికైతే ఊడ్చి అలకడమే శుద్ధి. నేలకు మరికాస్త పెద్ద జాబితా ఉంది: ఊడ్వడం, అలకడం, నీళ్లు చల్లడం, గీకి తీయడం, ఆవులను కట్టేయడం. అంటే కిరాయిదారు తండ్రి చనిపోతే మైల కిరాయిదారుది, ఓనరుకు అంటుకునేది ఏదైనా ఉంటే అది ఒక స్నానంతో పోయేంత, ఇంటికి అంటుకునేది చీపురుతో పోయేంత. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే అశ్వమేధం చేసినంత ఫలమని మన పురోహితులు చెప్పే మాట కూడా ఈ సంప్రదాయంలోదే. అంత పుణ్యం ఉందన్న చోట గేటు మూయడానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో సంగతి గమనించాలి. శాస్త్రం దృష్టిలో పురుడు కూడా అశౌచమే. అయినా కిరాయిదారు ఇంట్లో బిడ్డ పుడితే తల్లిని రోడ్డు మీదికి పంపాలని ఎవరూ అనరు, ఓనరు భార్యే వేడినీళ్లు కాచి ఇస్తుంది. రెండు మైలల్లో ఒకటి భరించగలిగి, రెండోది భరించలేకపోవడానికి కారణం మైల కాదు, భయం. భయానికి నేను విలువ ఇస్తాను. అందులో బరువైనది ధనిష్ఠా పంచకం. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో పాణం పోతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలని మన పంచాంగాలు చెబుతాయి. కింద పోర్షన్‌లో పిల్లాపాపలతో ఉండే ఓనరుకు అది చిన్న మాట కాదు. కానీ ఆ నక్షత్రాలు ఓనరు తండ్రికీ వర్తిస్తాయి. తన తండ్రి పోయినప్పుడు ఆయన శవాన్ని రోడ్డు మీద ఉంచడు. పురోహితుణ్ని పిలిచి నక్షత్రం చూపించుకుంటాడు, దోషం ఉంటే శాంతి చేయిస్తాడు, లేదంటే ఆ గదికి తాళం వేసి కొన్నాళ్లు తిప్పలు పడతాడు. దోషానికి పరిహారం చెప్పింది కూడా ఆ నమ్మకమే. పరిహారాన్ని తన వాళ్ల కోసం దాచుకుని, దోషాన్ని మాత్రం కిరాయిదారుకు చూపించడం భక్తి ఎట్లా అవుతుంది? అదీగాక పంచకంలో కాని చావులకు కూడా గేటు మూస్తున్నారు. పంచాంగం తెరవకముందే తాళం పడుతోంది.

శాస్త్రం పక్కన పెట్టండి, ఇది ఆచారం, ఆచారం కూడా ధర్మానికి మూలమే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే, మనుస్మృతి కూడా సదాచారాన్ని ధర్మమూలాల్లో చేర్చింది. అయితే ఏ ఆచారం? ఇళ్లు కిరాయికి తీసుకుని కుటుంబాలకు కుటుంబాలు బతకడం ఈ ప్రాంతంలో బొగ్గు గనులు, కరెంటు ప్లాంట్లు, మిల్లులు, బడులు పెరిగాక విస్తరించిన బతుకు. కిరాయిదారు చావును బయటికి నెట్టే పద్ధతి అంతకన్నా పాతది కావడానికి వీల్లేదు. పాత ఆచారం ఇప్పటికీ మన ఊళ్లలో కనిపిస్తుంది: వాడలో ఎవరైనా పోతే పీనుగు లేచేదాకా చుట్టుపక్కల పొయ్యి వెలిగించరు. పోయినవాడు చుట్టం కాకపోయినా చుట్టూ ఉన్న నాలుగు ఇళ్లు ఆకలితో కూర్చుంటాయి, తర్వాత ఆ ఇంటికి వాళ్లే వంట చేసి పంపుతాయి. చావును పది ఇళ్లు పంచుకోవడం మనకు తాతల నాటి నుంచి వచ్చింది. ఏడ్చే మనుషులను టెంటు కింద ఒంటరిగా వదిలేయడం ఆ తాతలు నేర్పింది కాదు.

ఇక మిగిలిన అభ్యంతరం డబ్బుది, నా దృష్టిలో నిజాయితీ ఉన్న అభ్యంతరం అదొక్కటే. చావు జరిగిన ఇంట్లోకి కొత్తవాళ్లు దిగరు, కిరాయి పడిపోతుంది, బ్యాంకు కిస్తీ ఆగదు. ఆ నష్టం నిజం. కానీ కిరాయి తీసుకున్నప్పుడు ఓనరు అమ్మింది నాలుగు గోడల మధ్య గాలి కాదు, ఒక కుటుంబం బతకడానికి చోటు. బతకడంలో ముసలితనం ఉంది, జబ్బు ఉంది, చావు ఉంది. చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మన దగ్గర నడిచిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారు అనే మాటకు అర్థం చెబుతూ, అతను చనిపోతే వెంట ఉన్న భార్యనో భర్తనో, కొడుకునో కూతురునో కూడా అందులో చేర్చింది. కిరాయి ఇంట్లో చావు వస్తుందని, వచ్చాక కూడా ఆ ఇల్లు ఆ కుటుంబానిదేనని ఒప్పుకున్న చట్టం అది. చావు ఖర్చును పంచుకునే ప్రయత్నాలూ జరిగాయి: 2019లో కరీంనగర్ నగరపాలక సంస్థ ఒక్క రూపాయికే అంత్యక్రియలు చేసే పథకం తెచ్చింది. ఊరూరా వైకుంఠధామాలు కూడా కట్టారు. ఇవి పేదవాళ్ల బరువు దించే మంచి పనులే. కానీ కాడు ఎంత బాగున్నా అది ఇంటి తర్వాత వచ్చేది. చివరిసారి నీళ్లు పోసేది, మూడోనాడు పిట్టకు పెట్టి వచ్చాక తల వాల్చేది, పాణం పోయిన చోట దీపం పెట్టేది ఇంట్లోనే. ఆ పది పదకొండు దినాలకు కాడు బదులు కాదు. రిజిస్ట్రేషన్ పడకుండా 11 నెలలకు రాసుకునే అగ్రిమెంటులో కరెంటు బిల్లు, నీళ్ల మోటారు, గోడకు మేకులు అన్నీ రాస్తారు. అందులో ఇంకో నాలుగు వరుసలు పట్టవా? ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే దినాలు అయ్యేదాకా కుటుంబం అక్కడే ఉంటుంది, తర్వాత సున్నం, శాంతి ఖర్చు కిరాయిదారుది, ఇల్లు ఖాళీగా ఉన్న నెలల కిరాయి ఇద్దరూ చెరిసగం. మంచిరోజు చూసి పాలు పొంగించే ముందే ఈ మాట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.